అడిగినామెకి జవాబు

“సభ్యులందరికీ నమస్కారం. మీ తోటల గురించి ఏ సందేహమున్నా వేదికలో అడగండి. మీ అనుభవాలు నలుగురితో పంచుకోండి” అని నయోమి ఆ సోమవారం పొద్దున్న కూడా రాసింది. నాలుగు నెలలుగా వారానికి మూడుసార్లు రాస్తూనే ఉంది. ఎప్పటిలాగే కింద రెండు దండం బొమ్మలూ, ఒక గులాబీ పువ్వూ వచ్చి ఆగిపోయాయి.

జీడి, కొబ్బరి రైతుల సంఘం ఆఫీసు కాశీబుగ్గ బస్టాండుకు రెండు సందుల వెనక ఉంది. పక్కనే జీడిపిక్కలు కాల్చే కార్ఖానా. పది గంటలయ్యేసరికి ఆ పొగ వాసన కిటికీలోంచి వచ్చి ఫైళ్ళకూ కుర్చీలకూ పట్టేస్తుంది. నయోమికి ఆ వాసన అలవాటైపోయింది. అలవాటు కానిది ఫోన్‌లోని ఆ నిశ్శబ్దమే. సభ్యుల కోసమని సంఘం ఒక యాప్ పెట్టించి, అందులో చర్చావేదిక తెరిచింది. దాన్ని నడపడమే నయోమి ఉద్యోగం. నడపడానికి అక్కడ నడిచేదంటూ ఏమీ లేదు.

సంఘం అధ్యక్షుడు మల్లేశ్వరరావు హెల్మెట్ తీసి బల్లమీద పెట్టి, కూర్చోకుండానే అడిగాడు.

“సభ్యులెంతమందమ్మా?”

“నాలుగువందల పన్నెండు మందండీ.”

“మాటాడేవోళ్ళు?”

“తొమ్మిది మంది.”

“అందులో నానొకడిని, కూర్మనాథం మాస్టారొకరు, నువ్వొకర్తివి. మిగతా ఆరుగురూ పొద్దున్నే పువ్వులు పంపేవోళ్ళు.” కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఆయనకు నయోమి మీద కోపం లేదు. అదే ఆమెకు మరీ ఇబ్బందిగా ఉంది. “నీ తప్పని నాననను. మనవోళ్ళకిది అలవాటవలేదంతే. ఆదివారం మహాసభలో దీన్ని ఎత్తీద్దారని పెడతన్నాను. దీనికి బదులు మూడు నెలలకో చిన్న పుస్తకం అచ్చేద్దారని మాస్టారంటన్నారు.”

ఆయన వెళ్ళిపోయాక నయోమి మళ్ళీ ఫోన్ తీసింది. ఉద్యోగం పోతుందన్న బాధ ఒకటైతే, అంతకుమించి ఇంకొకటి ఆమెను పొడుస్తోంది. ఇంతమంది ఇళ్ళలో ఇన్ని మాటలు ఉండి, ఇక్కడికి వచ్చేసరికి ఎందుకు మూగబోతున్నారు? తోటల్లో చూస్తే ఒక్కరు నోరు మూయరు. పిక్కలు ఏరేచోట ఆడవాళ్ళ మాటలు ఫర్లాంగు దూరం వినిపిస్తాయి.

వేదికను మొదటినుంచీ చదవాలనిపించింది. తను ఉద్యోగంలో చేరకముందు అక్కడ ఏం జరిగిందో ఆమె ఎప్పుడూ పట్టించుకుని చూడలేదు. వేలితో తోసుకుంటూ పోయింది. జనవరి, డిసెంబరు, నవంబరు. ఒట్టి పువ్వులూ, పండగ బొమ్మలూ. సెప్టెంబరుకు వచ్చేసరికి ఒకచోట వేలు ఆగింది.

జీడిచెట్టు మొదలు ఫొటో. కింద ఇలా రాసి ఉంది: “మా జీడి సెట్టు మొదట్లో పొట్టు రాల్తంది. జిగురు కార్తంది. ఆకులు పసుపొచ్చీసినాయి. ఏటి సెయ్యాల. తెల్సినోలు సెప్పండి.” పంపిన పేరు గౌరమ్మ. ఊరు జలంత్రకోట దగ్గర.

దానికి ఒకే ఒక జవాబు ఉంది. కూర్మనాథం మాస్టారిది. “అమ్మా, ‘సెట్టు’ కాదు, ‘చెట్టు’. ‘ఏటి సెయ్యాల’ కాదు, ‘ఏమి చేయాలి’. ‘తెల్సినోలు’ కాదు, ‘తెలిసినవారు’. ఇది నలుగురూ చూసే వేదిక. భాష శుద్ధంగా ఉండాలి.”

ఆ జవాబు కింద నవ్వు బొమ్మలు ముప్పై ఒకటి.

చెట్టు గురించి ఒక్కరూ ఒక్క మాటా చెప్పలేదు. మర్నాడు ఎవరో వినాయకుడి బొమ్మ పెట్టారు. ప్రశ్న పైకి జరిగి కనిపించకుండా పోయింది. నయోమి అక్కణ్ణుంచి ఇంకా పైకి వెళ్ళి చూసి, మళ్ళీ కిందికి వచ్చింది. ఆ రోజుకు ముందు ఆడవాళ్ళు అడపాదడపా ఏదో ఒకటి రాసేవారు. ఆ రోజు తర్వాత ఒక్కరంటే ఒక్కరు రాయలేదు.

ఎవరెవరు నవ్వారో చూద్దామని ఆ బొమ్మల మీద వేలు పెట్టింది. పేర్లు వరసగా వచ్చాయి. పంతొమ్మిదో పేరు నయోమి.

టెక్కలి దగ్గర నాన్నకున్న ఎకరం తోట తరఫున జూలైలోనే సభ్యురాలైంది నిజమే. కానీ ఇదెప్పుడు నొక్కింది? బస్సులోనా? భోజనం చేస్తూనా? ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. గుర్తు కూడా లేకుండా నవ్వేసి పోయింది.

*

మంగళవారం పొద్దున్న బస్సెక్కి కంచిలిలో దిగి, అక్కణ్ణుంచి షేరు ఆటోలో జలంత్రకోట దాటి వెళ్ళింది. రోడ్డుకు రెండువైపులా కొబ్బరి, వాటి మధ్య జీడి. తిత్లీ తుఫాను తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడు మనిషెత్తు దాటి గుబురుకట్టాయి. జీడి పూత మీద ఉంది. గాలి సముద్రం వైపు నుంచి తిరిగినప్పుడల్లా ఆ పూత వాసన ఆటోలోకి వచ్చి పోతోంది.

గౌరమ్మ ఇంటి దగ్గర కోడలు స్వాతి ఉంది. “అత్త తోటలో ఉన్నాది. తిన్నగా ఎల్లిపోండి, కొడవలి సప్పుడు ఇనిపిత్తాది” అంది.

నిజంగానే వినిపించింది. టక్, టక్, టక్. చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని ఒకామె కొడవలి వెనకవైపుతో కాండాన్ని కొడుతోంది. కొట్టి, చెవి దగ్గరపెట్టి, అంగుళం జరిపి మళ్ళీ కొడుతోంది. యాభై అయిదేళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మీదికి దోపుకుంది. వేళ్ళు జీడిరసం తిని నల్లగా, పొరలు లేచి ఉన్నాయి.

“గౌరమ్మగారూ, నేను సంఘం ఆఫీసు నుంచి వచ్చానండీ.”

“ఏ సంఘం?” తల తిప్పకుండానే అంది.

“జీడి రైతుల సంఘం. చర్చావేదిక చూసేది నేనేనండీ.”

కొడవలి ఆగింది. ఆమె తిరిగి నయోమిని కాళ్ళనుంచి తలదాకా ఒకసారి చూసింది. “మాకు రాయడం రాదమ్మా. మాస్టారు అప్పుడే సెప్పీసినారు కదా” అని మళ్ళీ చెట్టువైపు తిరిగింది.

నయోమి చెప్పులు విడిచి ఇసకలో కూర్చుంది.

“మీరు అడిగిన ఆ చెట్టు ఏదండీ?”

గౌరమ్మ కొడవలి కొసతో ఇంటివైపు చూపించింది. దడి పక్కన చీల్చిన కట్టెలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. “అదిగో. దీపావళికి సచ్చిపోయింది.”

మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. ఒకచోట శబ్దం మారింది, డొల్లగా. గౌరమ్మ కొడవలి కింద పెట్టి, నడుముకు దోపుకున్న చిన్న ఉలి తీసింది. బెరడు బొటనవేలంత మేర లేపింది. లోపల చిన్న రంధ్రం, దాని నిండా ఎర్రటి తడి పొట్టు. దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసింది.

“పచ్చిగుంది. అంటే ఉన్నాడు లోపల” అంది, తనతో తనే మాట్లాడుకున్నట్టు.

కొంగు ముడిలోంచి సైకిలు చక్రం పుల్ల తీసింది. కొస కొక్కెంలా వంచి ఉంది. దాన్ని రంధ్రంలోకి పైకి కాకుండా కిందికి, వేరువైపు, మెల్లగా దూర్చింది. కళ్ళు మూసుకుంది. ముంజేతి నరాలు మాత్రం కదులుతున్నాయి. ఒక్కసారి మణికట్టు తిప్పి లాగింది. పుల్ల కొసకు వేలంత పొడవున్న తెల్లటి పురుగు గుచ్చుకుని బయటికొచ్చింది. గోధుమరంగు తల ఇంకా ఆడుతోంది. దాన్ని ఇసకలో వేసి, రంధ్రంలో వేపనూనె దూది కుక్కి, బెరడు లేచినంత మేరా నూనె పట్టించింది. అంతా పూజ చేసినంత నిదానంగా.

“పొట్టు పైనుంచి రాలింది కదండీ. పుల్ల కిందికి పెట్టారెందుకు?”

గౌరమ్మ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. “పొట్టు రాలినకాడ ఆడుండడు. అది ఆడి గుమ్మం. ఆడు వేరుకి దిగిపోతాడు. నాకూ తెల్దు. సెట్టు సచ్చిపోయినాక మొద్దు సీల్చి సూసినాను. నాలుగు రోజులు సీల్చినాను. ఎటునుంచెల్లినాడు, ఎక్కడ మలుపు తిరిగినాడు, గుడ్డెక్కడెట్టింది, అన్నీ సూసినాను. మరింక ఎవలినీ అడక్కూడదు, నానే తెల్సుకోవాలనుకున్నాను.” చేతులకు ఇసక రుద్దుకుంది. “పక్కన మరో పదకొండు సెట్లకి పట్టింది. పదకొండూ బతికినాయి.”

పదకొండు చెట్లనీ చూపించింది. ఒక్కో దాని మొదట్లో పాత గాయం మానిన గుర్తు. కొత్త బెరడు అంచులనుంచి దగ్గరికి వస్తోంది. పైన ప్రతి కొమ్మా పూతతో ఉంది. గౌరమ్మ ఒక్కో చెట్టు మీద అరచెయ్యి వేసి ముందుకు నడిచింది. ఆ నడకలో ఏ మాస్టారూ దిద్దలేని ఒక ధీమా ఉంది.

నయోమి ఇక ఆగలేకపోయింది. “గౌరమ్మగారూ, ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.”

“తెల్సు.”

“తెలుసా?”

“పేరు సూసినాను. నయోమి. మా సుట్టుపక్కల ఆ పేరు లేదు, అందికే గురుతుండిపోయింది. కోడలితో కూకోని ముప్పై ఒక్క పేర్లూ సదువుకున్నాను.” గొంతులో కోపం లేదు. “ఎవలైనా ఒకర్తి వొచ్చి ఆ మాట సెప్తాదేమో అని సూసినాను. నువ్వే వొచ్చినావు.”

స్వాతి కొబ్బరిబొండాం కొట్టి తెచ్చింది. వెళ్ళబోతూ నయోమి, ఇదంతా వేదికలో చెప్పమని గౌరమ్మను అడిగింది. రాయక్కర్లేదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలంది. గౌరమ్మ తల అడ్డంగా ఊపింది.

“నాను సెప్పను. నువ్వు తెల్సుకున్నావు కదా, నువ్వు సెప్పుకో.”

*

బుధవారం సాయంత్రం టెక్కలి బాప్టిస్టు చర్చిలో ప్రార్థన కూటం. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. కూలిపనికి వెళ్ళే సుభద్ర లేచి, కొడుక్కు జ్వరం తగ్గిన సంగతి చెప్పింది. “ఆసుపత్రికెల్లినాం, ఆల్లు సూసి ఏటీ పర్లేదన్నారు, నాను మాత్రం రాత్రంతా ప్రబువునే అడిగినాను” అంటూ మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చి, నవ్వి, చివరికి స్తోత్రం చెప్పి కూర్చుంది. అందరూ ఆమెన్ అన్నారు. ఇన్నేళ్ళుగా ఈ చాపల మీద కూర్చుని ఇలాంటి మాటలు ఎన్ని వందలు విన్నదో నయోమి. ఇక్కడ ఎవరూ ఎవరి మాటా దిద్దరు. దిద్దాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

ఆమె తన గొంతు గురించి ఆలోచించింది. డిగ్రీ మూడేళ్ళలో పట్టుబట్టి ‘సెప్పు’ను ‘చెప్పు’గా మార్చుకుంది. ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట. ఆఫీసులో నాలుగు నెలలుగా రాసిన పోస్టులన్నీ ఆ బయటి మాటే. చదివినవాళ్ళకు అవి బడి నోటీసుల్లా కనబడి ఉంటాయి.

కూటం అయిపోయాక చర్చి మెట్లమీద కూర్చుని ఫోన్ తీసింది. మైకు బొమ్మ నొక్కింది.

“నాను నయోమిని. టెక్కలి. మన యేదిక సూసేది నానే. సెప్టెంబర్లో ఒకామె జీడి సెట్టు గురించి అడిగింది. ఎవలమూ జవాబు సెప్పలేదు. ఆమె మాట సూసి నవ్వినాం. నవ్వినోళ్ళలో నానూ ఉన్నాను. ఆ సెట్టు సచ్చిపోయింది. నాను తప్పు సేసినాను. నిన్న ఎల్లి ఆమెకి సెప్పినాను, ఇప్పుడు మీకూ సెప్తన్నాను. ఇకమీదట ఎవలేటడిగినా, ఎలగడిగినా, ఇక్కడెవలూ దిద్దరు. రాయక్కర్లేదు. మీ ఇంట్లో ఎలగ మాటాడతారో అలగే మాటాడండి.”

వేలు తీసింది. మాట వేదికలోకి వెళ్ళిపోయింది. వెనకాల సుభద్ర చెప్పులు తొడుక్కుంటూ, “ఎవలితో మాటాడతన్నావే?” అంది.

“నాలుగొందల పన్నెండు మందితో, పిన్నీ.”

*

గురువారం పదిన్నరకే కూర్మనాథం మాస్టారు ఆఫీసుకు వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు కలాలు. మల్లేశ్వరరావు అప్పటికే ఉన్నాడు. ఇద్దరూ ఆ మాటలు విన్నారని నయోమికి వాళ్ళ ముఖాలు చూడగానే తెలిసింది.

“దిద్దడం నేరమని నాకు ఇంతవరకూ తెలియదమ్మా” అన్నారు మాస్టారు నిలబడే. “ముప్పై ఆరేళ్ళు అదే పని చేశాను. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ట్రైనింగు కాలేజీలో బోర్డు దగ్గర నిలబెట్టి పాఠం చెప్పమన్నారు. ‘సెప్తాను’ అన్నాను. క్లాసంతా నవ్వింది. లెక్చరరూ నవ్వాడు. మూడు రోజులు అన్నం సహించలేదు. నా దగ్గర చదువుకున్న పిల్లలెవరికీ అది జరగకూడదనే దిద్దాను. చిన్నచూపుతో కాదు.”

ఈ మనిషి మీద కోపం తెచ్చుకుని రావడం ఎంత సులువో, ఎదురుగా నిలబడితే అంత కష్టమని నయోమికి అర్థమైంది.

“అక్కడ పరాయివాళ్ళు నవ్వారు మాస్టారూ. ఇక్కడ మనలో మనమే నవ్వాం. ఆవిడా అన్నం తిని ఉండదు కదండీ.”

మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఫోన్‌లో సెప్టెంబరు దాకా వెళ్ళడానికి తంటాలు పడ్డారు. నయోమి సాయం చెయ్యబోతే వద్దని చెయ్యి ఊపారు. చివరికి దొరికింది. తన జవాబు తనే చదువుకున్నారు. ఆ తర్వాత, మొదటిసారి చూస్తున్నట్టు, పైనున్న ఫొటోని పెద్దది చేసి చూశారు.

“చెట్టు పోయిందన్నావు కదూ?”

“దీపావళికి పోయిందండీ.”

ఆయన కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే బల్లమీద నయోమి ఫోన్ మోగింది. వేదికలోకి ఒక గొంతు వచ్చింది. మల్లేశ్వరరావే నొక్కాడు. వెనక అలల చప్పుడూ, కోళ్ళ అరుపులూ.

“నానండీ, నూకమ్మని. అక్కుపల్లి. మాకు సేపల యాటతో పాటు నలబై జీడి సెట్లున్నాయండి. మూడు సెట్లకి మొదట్లో రంపప్పొట్టునాగ రాల్తంది. ఏటి సెయ్యాలో తెల్సినోల్లు సెప్పండి. నయోమమ్మ మాటాడమన్నాదని మాటాడతన్నాను, తప్పయితే ఏటనుకోకండి.”

“ఆదివారం దాకా ఉండనీ” అన్నాడు మల్లేశ్వరరావు. మాస్టారు ఇంటికి వెళ్ళి, ఏదో పాత కరపత్రం ఫొటో తీసి నూకమ్మకు జవాబుగా పెట్టారు. అచ్చు అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మందుల పేర్లన్నీ కొరుకుడుపడనివి. అరగంటకు నూకమ్మ గొంతు మళ్ళీ వచ్చింది: “దండాలండీ. నాకు సదువు రాదండి.”

ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరూ ఏమీ అనలేదు. నయోమికి గౌరమ్మ చెప్పిందంతా తెలుసు. చెప్పబోయి ఫోన్ నోటిదాకా తెచ్చుకుని రెండుసార్లు ఆపేసింది. ఆ విద్య తెలిసిన చేతులు తనవి కావు.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి, నయోమి టీ తాగుతుండగా వచ్చింది. నాలుగు నిమిషాల పొడవు. మొదట ఆకుల గలగల. ఆ వెనక టక్, టక్ మని తనకు తెలిసిన చప్పుడు.

“నా పేరు గౌరమ్మ. అక్కుపల్లి నూకమ్మప్పా, నీ మాట ఇన్నాను. నానిక్కడ ఇంక మాటాడకూడదనుకున్నాను. గాని అడిగినామెకి జవాబు రాకపోతే ఎలగుంటాదో నాకు తెల్సు. అందికే సెప్తన్నాను. ఇను. ముందు పొట్టుని ఏల్లతోని నలుపు. పచ్చిగుంటే ఆడు దగ్గర్లోనే ఉన్నాడు, బయపడకు. ఎండిపోయుంటే లోపలికెల్లిపోయినాడు, అప్పుడు వేరుకాడ మట్టి తియ్యాల. కొడవలి ఎనక పక్కతో కొట్టు. ఇదిగో, ఇది మంచి సెట్టు, ఇను…” టక్, టక్. “ఇది పురుగున్న సెట్టు.” డొల్లగా మోగింది. “తేడా తెల్సిందా? ఇంకోసారి కొడతాను.”

నయోమి టీ గ్లాసు పక్కనపెట్టి, లేచి నిలబడి మొత్తం వింది. బెరడు ఎంత లేపాలో, చెట్టు చుట్టూ గాడిలా ఎందుకు తియ్యకూడదో, పుల్ల ఎలా వంచాలో, ఎటు తిప్పాలో అన్నీ ఉన్నాయి. చివర్లో, “మొదట్లో ఎండాకులు పోగవనీకు. నెలకోసారి సెట్టుసెట్టుకీ ఒంగి సూసుకో. మన పిల్లల తల సూసుకుంతాం కాదేటి, అలగ.”

పది నిమిషాల్లో కంచిలి నుంచి ఒకరు అడిగారు. తర్వాత సోంపేట. ఆ తర్వాత కార్ఖానాలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు అయిదుగురు ఒకే ఫోన్‌లో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. కొబ్బరికి తెల్లదోమ గురించి ఒకరంటే, తన పెరట్లో ఏం చేసి వదిలించుకుందో ఇంకొకామె చెప్పింది. శనివారం సాయంత్రానికి వేదికలో మాట్లాడినవాళ్ళు నూట ముప్పై ఎనిమిది మంది. నూకమ్మ మూడు పురుగుల్ని కొబ్బరి చిప్పలో వేసి ఫొటో పెట్టింది. కింద మాట ఏమీ లేదు. అక్కర్లేదు కూడా.

ఒక్క నవ్వు బొమ్మ లేదని నయోమి గమనించింది.

*

ఆదివారం మహాసభ పలాసలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. గౌరమ్మ గోనెసంచి భుజాన వేసుకుని వచ్చింది. సభలో మూడో అంశంగా చర్చావేదికను ఎత్తేసే సంగతి రావాలి. మల్లేశ్వరరావు కాగితం చూసి, జేబులోంచి కలం తీసి, ఆ పంక్తి మీద అడ్డంగా గీత గీశాడు. “గౌరమ్మగారు వొచ్చినారా?” అని మైకులో అడిగాడు.

ఆమె స్టేజీ ఎక్కలేదు. కుర్చీల మధ్య ఖాళీలో గోనెసంచి విప్పి, నిలువునా చీల్చిన జీడిమొద్దు రెండు చెక్కలూ నేలమీద పరిచింది. పురుగు తిన్న దారులన్నీ అందులో నదుల్లా కనిపిస్తున్నాయి. ముందు వరసవాళ్ళు వంగారు. వెనకవాళ్ళు లేచారు. కాసేపటికి కుర్చీలన్నీ ఖాళీ అయి, జనమంతా ఆమె చుట్టూ చేరారు. అరగంట మాట్లాడింది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకరి భుజం మీదనుంచి ఒకరు తొంగిచూస్తూ ప్రశ్నలు వేస్తుంటే, తడుముకోకుండా చెప్పింది. మైకు ఎవరికీ గుర్తు రాలేదు.

భోజనాల దగ్గర గౌరమ్మ పులిహోర పొట్లం విప్పుకుంటుండగా మాస్టారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఆమె లేవబోయింది.

“కూర్చోండమ్మా” అని ఆయన చేత్తో ఆపారు. “ఆ రోజు నేను చెట్టును చూడలేదు. అక్షరాలే చూశాను. పొరపాటైంది.”

గౌరమ్మ పొట్లంవైపే చూస్తూ తల ఊపింది. “తినండి మాస్టారూ” అంది. అంతే.

ఆయన ఇంకా కదల్లేదు. “మా పెరట్లో ఒక చెట్టుంది. మా ఆవిడ వేసింది. ఇప్పుడు ఆమె లేదు. దాని మొదట్లో వారం రోజులుగా జిగురు కనిపిస్తోంది. మీరొకసారి…”

“గ్రూపులో అడగండి మాస్టారూ” అంది గౌరమ్మ. ఎగతాళి లేదు, బిగువు లేదు. “నాకొక్కదానికే సెప్తే నాతోనే ఉండిపోతాది. నలుగురిలో అడిగితే నలుగురికీ పనికొత్తాది.”

మాస్టారు ఫోన్ తీసి కిటికీ దగ్గరికి నడిచారు. “గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. మా పెరటియందలి జీడిమామిడి వృక్షము…” అని మొదలుపెట్టి ఆగిపోయారు. చెరిపేశారు. మళ్ళీ నొక్కారు. ఈసారి గొంతు చిన్నదైంది, వయసు కూడా తగ్గినట్టయింది.

“నాను కూర్మనాథాన్ని. మా పెరట్లో జీడి సెట్టు మొదట్లో జిగురు కారతంది. మా ఇంటిది ఏసిన సెట్టు. ఏటి సెయ్యమంటారు?”

మండపంలో అక్కడక్కడా ఫోన్లు మోగాయి. తింటున్నవాళ్ళు తలలెత్తి కిటికీవైపు చూశారు. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన మాత్రం, “బడికెల్లకముందు ఈడు ఇలగే మాటాడేవోడు” అన్నాడు ఇష్టంగా.

మూడు గంటలకు నయోమి గౌరమ్మను కాశీబుగ్గ బస్టాండుకు తీసుకెళ్ళింది. సోంపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. గౌరమ్మ కిటికీ పక్కన కూర్చుని ఫోన్ తీసింది. మాస్టారి ప్రశ్నకు తను ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చినట్టుంది. కానీ అప్పటికే కింద ఒక జవాబు ఉంది. అక్కుపల్లి నుంచి నూకమ్మ. గౌరమ్మ నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. కిటికీ బయట నిలబడ్డ నయోమికి కూడా వినిపిస్తోంది.

“మాస్టారూ, బయపడకండి. ముందు పొట్టుందేమో సూడండి. ఉంటే ఏల్లతోని నలపండి…”

గౌరమ్మ ముఖం మెల్లగా విప్పారింది. ఒక్కో మాటకూ తల ఊపుతోంది. కొడవలి సంగతి వచ్చింది, పుల్ల కొక్కెం వచ్చింది, వేరువైపు తిప్పడం వచ్చింది. “సరిగ్గా సెప్తంది, సూసినావా!” అంది నయోమితో, సొంత బిడ్డ బడిలో పద్యం అప్పజెబుతుంటే విన్నట్టు. చివరిదాకా విని, కనుబొమలు ముడిచింది. “ఏపనూనె మాట మర్సిపోయింది.”

బస్సు కదిలింది. కండక్టరు వచ్చి, “ఎక్కడికమ్మా?” అన్నాడు. గౌరమ్మ మైకు బొమ్మ మీద బొటనవేలు ఆనించి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి అతన్ని ఆగమంది.

కండక్టరు ఆగాడు.